ఇంట్లోనే కారు సర్పెంటైన్ బెల్ట్ వదులు చేసి తీయడం: సమగ్ర మార్గదర్శి

బానెట్ ఎత్తి ఇంజన్ పక్కవైపు టార్చి వేస్తే, నాలుగైదు పుల్లీల మీదుగా మెలికలు తిరిగి వెళ్లే వెడల్పాటి నల్ల బెల్ట్ కనబడుతుంది. అదే సర్పెంటైన్ బెల్ట్. షెడ్డులో, స్పేర్ పార్ట్స్ షాపులో ఇప్పటికీ ఫ్యాన్ బెల్ట్ అనే అడుగుతారు, అలా అడిగినా ఇస్తారు. ఇంజన్ కింది భాగంలో ఉండే క్రాంక్ పుల్లీ దాన్ని తిప్పుతుంది. ఆ బెల్ట్ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌ని, ఏసీ కంప్రెసర్‌ని, చాలా కార్లలో వాటర్ పంపుని, హైడ్రాలిక్ స్టీరింగ్ ఉంటే దాని పంపుని కూడా తిప్పుతుంది. పూర్వం ఒక్కో పనికి ఒక్కో వీ-బెల్ట్ ఉండేది. అన్నిటికీ కలిపి ఒకే బెల్ట్ వేసే పద్ధతి 1979 ఫోర్డ్ మస్టాంగ్‌తో వచ్చి, తర్వాత అన్ని కంపెనీలకూ పాకింది. దీనివల్ల ఇంజన్ దగ్గర చోటు కలిసొచ్చింది. కానీ ఆ ఒక్కటి తెగిందంటే చార్జింగ్, ఏసీ, స్టీరింగ్, కూలింగ్ అన్నీ ఒకేసారి పోతాయి.

దీన్ని తీయడానికి కండబలం అక్కర్లేదు. పానా పట్టుకునే ముందు తెలుసుకోవలసింది ఒకటే: ఈ బెల్ట్‌కి బిగువు ఎక్కడి నుంచి వస్తోంది? అది తెలిస్తే మిగతా పని సులువుగా సాగుతుంది. తెలియకుండా కనబడ్డ బోల్టునల్లా తిప్పితే ఐదు వందల బెల్ట్ కోసం వేలు ఖరీదు చేసే భాగం మర పోతుంది. ఇంకా ఘోరం, చేతివేలు నలుగుతుంది. అందుకే ఈ వ్యాసంలో బోల్టు విప్పడం కంటే బెల్ట్ దారిని చూసి అర్థం చేసుకోవడానికే ఎక్కువ చోటిచ్చాను.

ఎప్పుడు తీయాలి

పొద్దున్నే స్టార్ట్ చేయగానే కీచుమని అరిచి కాసేపటికి ఆగిపోతుంటే, ఏసీ వేసినప్పుడు అరుపు పెరుగుతుంటే, వానలో నీళ్లు పడ్డ చోట బండి దాటాక స్టీరింగ్ ఒక్క క్షణం బరువెక్కుతుంటే బెల్ట్‌ని తీసి చూడాల్సిందే. ఆల్టర్నేటర్, వాటర్ పంపు, కంప్రెసర్ మార్చాలన్నా ముందు బెల్ట్ దిగాలి. ఇంకో మంచి కారణం కూడా ఉంది. ఇంజన్ దగ్గర గరగరమనే శబ్దం బేరింగ్‌దా, ఇంజన్ లోపలిదా అని తేల్చాలంటే బెల్ట్ తీసి ఇంజన్‌ని కొన్ని సెకన్లు నడిపితే చాలు. శబ్దం పోతే దోషం బెల్ట్ తిప్పే వాటిలో ఉంది, పోకపోతే లోపల ఉంది. వాటర్ పంపు ఆ బెల్ట్ మీదే ఆధారపడితే ఈ పరీక్ష చల్లని ఇంజన్ మీదే చేయాలి, అర నిమిషం దాటకూడదు.

ముందు ఇవి తేల్చుకోండి

బయటికి కనబడేది, పొడవునా సన్నటి చాళ్లు ఉన్నది సర్పెంటైన్ బెల్ట్. ప్లాస్టిక్ మూత వెనక దాగి, అడ్డంగా పళ్లు ఉన్నది టైమింగ్ బెల్ట్. దాని జోలికి పోకండి. దాన్ని వదులు చేస్తే వాల్వులు తెరిచే క్యామ్‌కీ క్రాంక్‌కీ ఉన్న పొంతన తప్పుతుంది. చాలా ఇంజన్లలో అలా తప్పితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి. మూత విప్పాల్సి వస్తోందంటే మీరు వెతుకుతున్న బెల్ట్ అది కాదని గుర్తు.

మీది బెల్ట్ ద్వారా ఇంజన్‌ని స్టార్ట్ చేసే మైల్డ్ హైబ్రిడ్ అయితే, ఉదాహరణకు మారుతి స్మార్ట్ హైబ్రిడ్ రకం, ఆగండి. అక్కడ ఆల్టర్నేటర్ స్థానంలో ఉన్న యంత్రం కరెంటు పుట్టించడమే కాదు, అవసరమైనప్పుడు మోటారులా మారి ఇంజన్‌ని తిప్పుతుంది. బెల్ట్ మీద బిగువు రెండు వైపులా మారుతుంది కాబట్టి బెల్ట్‌ని బిగించి ఉంచే టెన్షనర్ కూడా వేరుగా ఉంటుంది. ఇలాంటి బండిని కంపెనీ సర్వీస్ మాన్యువల్ చేతిలో లేకుండా ముట్టుకోవద్దని నా గట్టి మాట.

ఇక వైపుల సంగతి. ఇంజన్ అడ్డంగా కూర్చున్న టొయోటా కొరోలా లాంటి కార్లలో బెల్ట్ కారు కుడివైపు ఉంటుంది. అమెరికాలో తీసిన వీడియో చూసి ‘ప్యాసెంజర్ వైపు చక్రం విప్పండి’ అన్న మాట పట్టుకుని మన దగ్గర ఎడమ చక్రం విప్పేవాళ్లున్నారు. అక్కడ డ్రైవర్ ఎడమవైపు కూర్చుంటాడు, ఇక్కడ కుడివైపు. ఇంజన్ మాత్రం రెండు చోట్లా అలాగే కూర్చుంటుంది. మన దగ్గర అది డ్రైవర్ వైపు. డాలస్‌లో ఉన్నా దమ్మాయిగూడలో ఉన్నా కారు కుడి, ఎడమ అనే గుర్తుపెట్టుకుంటే పొరపాటు రాదు.

బిగువు ఎక్కడి నుంచి వస్తోంది

మూడు పద్ధతులున్నాయి. మీ కారుది వీటిలో ఏదో ఒకటి.

మొదటిది ఆటో టెన్షనర్. ఒక చేయి, దాని చివర ఒక పుల్లీ, చేయి మొదట్లో బలమైన స్ప్రింగు. స్ప్రింగు ఆ పుల్లీని ఎప్పుడూ బెల్ట్ మీదకు నొక్కుతూ ఉంటుంది. బెల్ట్ కాస్త సాగినా చేయి ముందుకు జరిగి బిగువు నిలబెడుతుంది. దీన్ని గుర్తుపట్టడం తేలిక: చేయి మీద పానా పట్టుకోవడానికి ఆరు పలకల దిమ్మ గానీ, 3/8 లేదా 1/2 అంగుళం రాడ్ దూరే నలుచదరపు రంధ్రం గానీ ఉంటుంది. కొన్నిటిలో విడిగా ఏమీ ఉండదు, పుల్లీ మధ్య బోల్టునే పట్టుకుని చేయిని తిప్పాలి. అలాంటి వాటిలో చాలావరకు ఆ బోల్టుకి ఎడమ మర (మామూలుకి ఎదురుగా తిప్పితే బిగిసేది) ఉంటుంది, వదులు చేసే దిశలో తిప్పినా బోల్టు ఊడిపోకుండా. మన దగ్గర 2003 నుంచి 2008 దాకా అమ్మిన కొరోలాలోని 1.8 లీటర్ 1జెడ్‌జెడ్-ఎఫ్‌ఈ ఇంజన్‌ది ఆటో టెన్షనరే. దిమ్మకు 19 మి.మీ. పానా పడుతుంది. అమెరికాలో అదే కాలపు కొరోలాల్లో చాలావాటిలోనూ ఇదే ఇంజన్.

రెండోది చేత్తో బిగించే రకం. ఇక్కడ స్ప్రింగు ఉండదు. ఆల్టర్నేటర్ కింద ఒక బోల్టు మీద అటూ ఇటూ ఊగుతుంది, పైన పొడుగాటి గాడి ఉన్న పట్టీలో ఇంకో బోల్టు దాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. చాలా వాటిలో పక్కన మూడో పొడుగు బోల్టు ఉంటుంది, దాన్ని తిప్పితే ఆల్టర్నేటర్ మెల్లగా జరుగుతుంది. మన చిన్న కార్లలో ఇది బాగా కనిపిస్తుంది. ఇదే పని ఆల్టర్నేటర్ బదులు ఐడ్లర్ పుల్లీతో (దేన్నీ నడపకుండా బెల్ట్‌ని నొక్కడానికో మళ్లించడానికో ఉండే పుల్లీ) చేసే కార్లూ ఉన్నాయి: పుల్లీ మధ్యలో లాక్ నట్టు, పైనో కిందో సర్దుబాటు బోల్టు.

మూడోది స్ట్రెచ్ బెల్ట్. టెన్షనర్ లేదు, గాడి ఉన్న పట్టీ లేదు, జరిగే భాగమే లేదు. బెల్ట్ రబ్బరే కొంచెం సాగి తన బిగువు తానే పుట్టిస్తుంది. ఎక్కువగా రెండు పుల్లీల మధ్యే, క్రాంక్ నుంచి కంప్రెసర్‌కో వాటర్ పంపుకో, పొట్టిగా ఉంటుంది. ఎంత వెతికినా వదులు చేసే చోటు దొరకలేదంటే మీ చూపు లోపం కాకపోవచ్చు, బెల్టే ఈ రకం కావచ్చు.

రెండు బెల్టులున్న కార్లలో ఒకటి ఈ రకం, రెండోది ఆ రకం కావచ్చు. ముందు బయటి బెల్ట్ దిగితేనే లోపలిది వస్తుంది. కాబట్టి రెండిటినీ విడివిడిగా చూసి తేల్చుకోండి.

సామాన్లు

పొడుగు పిడి ఉన్న రింగ్ పానా గానీ, సన్నటి సర్పెంటైన్ బెల్ట్ టూల్ గానీ ముఖ్యం. ఇంజన్‌కీ కారు బాడీకీ మధ్య నాలుగు వేళ్ల సందు కూడా లేని చోట మామూలు రాట్చెట్ తల పట్టదు, ఆ పల్చటి పట్టీ లాంటి టూలే పడుతుంది. 10 నుంచి 19 మి.మీ. వరకు పానాలు, సాకెట్లు, పొడుగు రాడ్, జాకీ, రెండు జాక్ స్టాండులు, వీల్ పానా, టార్చి, సుద్దముక్క, తుప్పు వదిలించే స్ప్రే. ఆ స్ప్రే బోల్టుల మీదకే, బెల్ట్ మీద ఒక్క చుక్క పడినా అది జారడం మొదలెడుతుంది. చక్రం విప్పాల్సి వస్తే చెక్క దిమ్మలు కూడా దగ్గర పెట్టుకోండి.

మొదలుపెట్టే ముందు

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. తాళం తీసి జేబులో వేసుకోండి. బటన్ స్టార్ట్ కారైతే రిమోట్‌ని ఇంట్లో పెట్టి రండి. ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. దీనికి రెండు కారణాలు: ఇంజన్ ఆపి ఉన్నా కొన్ని కార్లలో రేడియేటర్ ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది, రెండోది, ఆల్టర్నేటర్ వెనక లావు తీగకి బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది, పానా అటు తగిలి ఇటు బాడీకి తగిలితే నిప్పులే. తీగ తీస్తే స్టీరియో కోడ్ అడగొచ్చు, కిటికీ అద్దాల ఆటో సెట్టింగ్ పోవచ్చు, అవి తర్వాత చూసుకోవచ్చు. గొలుసు, ఉంగరం, వేలాడే చున్నీ, వదులు చేతుల చొక్కా తీసేయండి.

ఇప్పుడు బెల్ట్ దారి. బానెట్ లోపలివైపో, రేడియేటర్ పైన పట్టీ మీదో దారి చూపే స్టిక్కర్ ఉంటే అదృష్టం. మన ఎండకీ దుమ్ముకీ అది వెలిసిపోయి ఉంటుంది చాలాసార్లు. ఉన్నా లేకపోయినా ఫోన్‌తో పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, కింది క్రాంక్ పుల్లీ దగ్గర ఒకటి ఫోటో తీయండి. అక్కడితో ఆగకండి, కాగితం మీద మీ చేత్తో బొమ్మ గీయండి. గీసేటప్పుడు ప్రతి పుల్లీ దగ్గర ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇక్కడ బెల్ట్ చాళ్లున్న వైపు తగులుతోందా, నున్నటి వీపు తగులుతోందా? చాళ్లున్న వైపు చాళ్ల పుల్లీ మీద, వీపు నున్నటి పుల్లీ మీద. ఈ నియమం ఎక్కడా తప్పదు. ఫోటో తీసినప్పుడు కంటికి ఆనని మెలిక, గీసేటప్పుడు తప్పకుండా పట్టుబడుతుంది.

పైనుంచి చేయి పోతే చక్రం జోలికి పోనక్కర్లేదు. పోకపోతే చదునైన గట్టి నేల చూసుకుని హ్యాండ్ బ్రేకు లాగి, గేరులో పెట్టి, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో పెట్టి, వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. వీల్ నట్లు బండి నేల మీద ఉన్నప్పుడే ఒక చుట్టు వదులు చేయాలి. జాకీ మాన్యువల్ చూపిన చోట పెట్టి ఎత్తి, వెంటనే స్టాండ్ దూర్చి, బరువంతా స్టాండ్ మీదకు దించండి. జాకీ ఒక్కదాని మీద నిలబడ్డ బండి కిందకు చేయి కూడా పెట్టొద్దు. విప్పిన చక్రాన్ని బండి అంచు కింద పడుకోబెడితే అదనపు భరోసా. లోపలి మడ్ కవర్ క్లిప్పులు ఎండకు పెళుసెక్కి పుటుక్కున విరుగుతాయి, నెమ్మదిగా లాగండి.

ఆటో టెన్షనర్ రకాన్ని వదులు చేయడం

ముందు దిశ తేల్చాలి. ఏ ఇంజన్‌కైనా సూత్రం ఒక్కటే: టెన్షనర్ పుల్లీ బెల్ట్‌ని ఎటు నొక్కుతోందో చూడండి, దానికి సరిగ్గా ఎదురు దిక్కుకు పుల్లీ జరిగేలా చేయిని తిప్పాలి. కొన్ని ఇంజన్లలో అది గడియారం ముల్లు తిరిగే వైపు, కొన్నిటిలో దానికి ఎదురు. ‘అన్నీ ఎడమకే తిప్పాలి’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. పానా వేసి కొద్దిగా ఒత్తిడి ఇచ్చి చూడండి. సరైన వైపైతే చేయి స్ప్రింగు బిగువుతో నెమ్మదిగా కదులుతుంది, దాని పక్కనున్న బెల్ట్ భాగం వదులవుతుంది. చేయి కదలక బోల్టు మాత్రమే తిరుగుతుంటే వెంటనే ఆపేయండి.

తర్వాత ఎక్కడి నుంచి జార్చాలో ముందే నిర్ణయించుకోండి. అంచులు లేని నున్నటి ఐడ్లర్ పుల్లీ ఉంటే అదే తేలిక. చాళ్ల పుల్లీకి అంచులుంటాయి, అక్కడ బెల్ట్‌ని ఎత్తి పక్కకు లాగాలి. నున్నటిది అందకపోతే పైన, చేతికి దగ్గరగా ఉన్న ఆల్టర్నేటర్ పుల్లీ నుంచి తీయండి.

పానా దిమ్మ మీద నిండుగా కూర్చోవాలి, సగం పట్టుతో తిప్పితే జారి దిమ్మ మూలలు గుండ్రమవుతాయి. కుడిచేత్తో పానాని నిదానంగా లాగుతూ, బెల్ట్ వదులైన క్షణంలో ఎడమచేత్తో బెల్ట్ అంచుని పట్టి పుల్లీ మీంచి పక్కకు జార్చండి. వేళ్లు బెల్ట్ వెలుపలే ఉండాలి, బెల్ట్‌కీ పుల్లీకీ మధ్య ఎప్పుడూ దూర్చకూడదు. పక్కన ఇంకొకరుంటే ఒకరు పానా పట్టి, ఇంకొకరు బెల్ట్ తీస్తే చాలా హాయి. కొరోలా 1జెడ్‌జెడ్ టెన్షనర్‌లో స్ప్రింగుతోపాటు నూనెతో పనిచేసే చిన్న స్ట్రట్ (షాక్ అబ్జార్బర్ లాంటిది) ఉంటుంది, అందుకే అది ఒక్కసారిగా లొంగదు. గట్టిగా కుదిపితే లాభం లేదు, ఒకే ఒత్తిడి ఇస్తూ ఓపిగ్గా పట్టుకుంటే తానే దిగుతుంది. ఆ స్ట్రట్ దగ్గర నూనె చెమ్మ కనబడితే టెన్షనర్ పని అయిపోవచ్చిందని అర్థం.

బెల్ట్ జారాక పానాని వదిలేయకండి. స్ప్రింగు ఆ చేయిని కొట్టినట్టు వెనక్కి లాగుతుంది, మధ్యలో మీ చేయి ఉంటే ఎముక విరిగినా ఆశ్చర్యం లేదు. ఎంత నెమ్మదిగా లాగారో అంత నెమ్మదిగా వెనక్కి పోనివ్వండి. కొన్ని టెన్షనర్లలో చేయినీ వెనక భాగాన్నీ కలిపి పిన్ను దూర్చే రంధ్రం ఉంటుంది. అది ఉంటే చేయిని పూర్తిగా లాగి పట్టి, సరిపోయే అలెన్ కీ (ఎల్ ఆకారపు ఆరు పలకల కడ్డీ) దూర్చి ఆపేయండి. కొత్త బెల్ట్ ఎక్కించేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

చేత్తో బిగించే రకం

ఇక్కడ వరస ముఖ్యం. తుప్పు స్ప్రే కొట్టి పావుగంట ఆగి, మొదట ఆల్టర్నేటర్ కింది బోల్టుని అర చుట్టు వదులు చేయండి, తీసేయొద్దు. తర్వాత పై గాడిలోని లాక్ బోల్టు వదులు చేయండి. ఆ రెండూ వదులయ్యాకే సర్దుబాటు బోల్టు తిప్పాలి. చాలామంది నేరుగా సర్దుబాటు బోల్టు మీదే పడి, లాక్ బోల్టు బిగిసి ఉండగా బలవంతంగా తిప్పి దాని మర పోగొట్టుకుంటారు. సర్దుబాటు బోల్టు వెనక్కి వచ్చాక ఆల్టర్నేటర్‌ని చేత్తో ఇంజన్ వైపు తోయండి. కదలకపోతే చెక్కముక్క అడ్డం పెట్టి మెల్లగా నెట్టవచ్చు. ఇనప రాడ్‌తో అల్యూమినియం బాడీని పెకలిస్తే అది పగులుతుంది. ఐడ్లర్ రకమైతే మధ్య నట్టు ముందు, సర్దుబాటు బోల్టు తర్వాత.

స్ట్రెచ్ బెల్ట్

దీన్ని తీయడమంటే కోసేయడమే. పదునైన బ్లేడుతో మీకు ఎదురుగా కాకుండా పక్కకు కోయండి. కోసిన బెల్ట్ మళ్లీ పనికిరాదు. బలవంతంగా స్క్రూడ్రైవర్‌తో ఊడదీసినదీ లోపలి తాళ్లు దెబ్బతిని ఉంటుంది కాబట్టి అదీ పనికిరాదు. కాబట్టి కొత్త బెల్ట్, దాన్ని ఎక్కించే టూల్ చేతికొచ్చే దాకా బ్లేడు తీయకండి.

బెల్ట్ చేతికొచ్చాక

తీసిన బెల్ట్‌నే మళ్లీ వేయాలనుకుంటే అది తిరిగే దిశ తెలిసేలా వీపు మీద సుద్దతో బాణం గుర్తు పెట్టండి. అరిగిన తీరుకు ఎదురుగా వేస్తే శబ్దం చేయవచ్చు.

చాలామంది ఈ దశలో కొత్త బెల్ట్ ఎక్కించేయాలని తొందరపడతారు. నా దృష్టిలో ఇంత శ్రమా ఈ పది నిమిషాల కోసమే. బెల్ట్ ఉన్నంతసేపు పుల్లీలన్నీ ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి, ఏ ఒక్కదాని ఆరోగ్యమూ విడిగా తెలియదు. ఇప్పుడు తెలుస్తుంది.

ఐడ్లర్, టెన్షనర్ పుల్లీలను వేలితో తిప్పండి. మంచి పుల్లీ నిశ్శబ్దంగా, కాస్త బరువుగా తిరిగి ఆగుతుంది. గరగరమన్నా, కంకర నలిగినట్టు చేతికి తెలిసినా బేరింగ్ పోయింది. బొంగరంలా ఎక్కువసేపు గిరగిరా తిరిగినా సంతోషించకండి, లోపలి గ్రీజు ఎండిపోయిందన్నమాట. రెండు వేళ్లతో అంచు పట్టి అటూ ఇటూ ఊపండి, ఆట, అంటే వదులు కదలిక, ఉండకూడదు.

వాటర్ పంపు పుల్లీని అలాగే ఊపండి, తర్వాత పంపు కింద చిన్న రంధ్రం దగ్గర టార్చి వేయండి. కూలెంట్ కారి ఎండిన ఆకుపచ్చ, గులాబీ లేదా తెల్ల మరక ఉంటే సీలు పోతోంది, బెల్ట్ తీసి ఉండగానే పంపు మార్చుకోవడం తెలివైన పని. కంప్రెసర్ పుల్లీ తేలిగ్గా తిరగాలి. క్లచ్ ఉన్న రకంలో దాని ముందున్న పళ్లెం తిరగకూడదు. ఆల్టర్నేటర్ ఒకవైపే పట్టు ఇచ్చి రెండోవైపు ఖాళీగా తిరుగుతుంటే కంగారుపడకండి, కొన్నిటిలో క్లచ్ పుల్లీ ఉంటుంది, దాని తీరే అంత. స్టీరింగ్ పంపు కాస్త బరువుగా తిరగడం సహజం.

క్రాంక్ పుల్లీ చాలావాటిలో రెండు ఇనప వలయాలు, మధ్యలో రబ్బరు. ఆ రబ్బరు బీటలు వారి బయటికి ఉబ్బుతుంటే కొత్త బెల్టేసినా అరుపు పోదు. టెన్షనర్ చేయిని పానాతో ఒకసారి పూర్తిగా లాగి నెమ్మదిగా వెనక్కి పోనివ్వండి. మొత్తం దారిలో ఒకే బరువుతో కదలాలి. మధ్యలో పట్టేసినా, జారిపోయినట్టు వచ్చినా మార్చాల్సిందే. బెల్ట్ మార్చి టెన్షనర్ పాతదే ఉంచి, మళ్లీ అరుపు వచ్చిందని బెల్ట్ కంపెనీని తిట్టేవాళ్లు ఎక్కువ.

ఇక బెల్ట్. పాత నియోప్రీన్ రబ్బరు బెల్టులు అరిగితే అడ్డంగా పగిలేవి. మూడు అంగుళాల పొడవులో ఒక రిబ్ (చాళ్ల మధ్య ఎత్తైన గట్టు) మీద మూడు పగుళ్లు కనబడితే మార్చమనే లెక్క వాటికి చెప్పినది. ఇప్పటి ఈపీడీఎం రబ్బరు అంత తేలిగ్గా పగలదు. లక్ష కిలోమీటర్లు తిరిగినా పైకి బాగానే కనబడుతుంది, కానీ రిబ్బుల మధ్య చాళ్లు లోతుగా అరిగి బెల్ట్ పుల్లీ మీద అడుగు దాకా కూర్చుంటుంది. అందుకని కంటితో చూసి ‘బాగానే ఉంది’ అనడం దీని విషయంలో చాలదు. కొత్త బెల్ట్ పక్కన పెట్టి చాళ్ల లోతు పోల్చండి, అరుగుదల కొలిచే గేజ్ దొరికితే మరీ మంచిది. ఒక అంచు మాత్రమే పీచు లేచి ఉంటే ఏదో పుల్లీ వరస తప్పింది. నూనె తడిసి ఉబ్బి ఉంటే నూనె ఎక్కడి నుంచి కారుతోందో ఆపకుండా కొత్తది వేయడం దండగ.

కొత్తది తేవడం, ఎక్కించడం

పాత బెల్ట్ వీపు మీద 6పీకే1200 లాంటి రాత ఉంటుంది. 6 అంటే ఆరు రిబ్బులు, పీకే అంటే ఆ రిబ్ ఆకారం, 1200 అంటే మిల్లీమీటర్లలో పొడవు. విజయవాడ ఆటోనగర్‌లో అయినా హైదరాబాద్ పుత్లీబౌలిలో అయినా కౌంటర్ మీద ఈ సంఖ్య చెప్పండి, దాంతోపాటు బండి మోడల్, సంవత్సరం, ఏసీ ఉందో లేదో చెప్పండి. ‘పది మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా పడుతుందిలెండి’ అంటే ఆటో టెన్షనర్ బండికి ఒప్పుకోవద్దు, చేయి దాని హద్దు దాకా పోయి కూర్చుంటుంది. పాత రాత చెరిగిపోతే బెల్ట్‌ని కొలిచి తేల్చుకోవడం కంటే మాన్యువల్‌లోని పార్ట్ నంబరు చూడటం మేలు, పాతది కొంత సాగి ఉంటుంది.

ఎక్కించేటప్పుడు చేతులకు నూనె లేకుండా తుడుచుకోండి. కింద క్రాంక్ పుల్లీ నుంచి మొదలుపెట్టి, మీరు గీసిన బొమ్మ ప్రకారం పైకి రండి, ఏ పుల్లీ నుంచి జార్చి తీశారో దాన్ని ఆఖరికి వదిలేయండి. టెన్షనర్ లాగి, బెల్ట్‌ని ఆ పుల్లీ మీదకు ఎక్కించి, చేయిని నెమ్మదిగా వదలండి. అలెన్ కీ దూర్చి ఉంటే చేయిని ఇంకాస్త లాగితేనే అది బయటికొస్తుంది.

తర్వాత ప్రతి పుల్లీ మీదా వేలు పోనిచ్చి చూడండి. ఒక్క రిబ్ బయటికి జరిగి కూర్చున్నా నిమిషాల్లో బెల్ట్ చీలుతుంది, క్రాంక్ దగ్గర ఇది ఎక్కువ. వీలైతే క్రాంక్ బోల్టుకి సాకెట్ వేసి ఇంజన్ తిరిగే దిశలోనే రెండు చుట్లు చేత్తో తిప్పి మళ్లీ చూడండి.

చేత్తో బిగించే రకంలో బిగువు మీ చేతిలో ఉంది. రెండు పుల్లీల మధ్య అతి పొడుగు భాగం మధ్యలో బొటనవేలితో సుమారు 10 కిలోల బలంతో నొక్కితే ఎంత దిగాలో మాన్యువల్ మిల్లీమీటర్లలో చెబుతుంది, ఆ అంకె పాటించండి. అరుపు పోవాలని బాగా లాగి బిగించడం మన దగ్గర పాత అలవాటు. దాంతో అరుపు పోతుంది, కొన్నాళ్లకు ఆల్టర్నేటర్ బేరింగూ వాటర్ పంపు సీలూ పోతాయి. బిగువు కుదిరాక లాక్ బోల్టు, ఆ తర్వాత కింది బోల్టు బిగించి, మళ్లీ ఒకసారి నొక్కి చూడండి, బోల్టు బిగించేటప్పుడు కాస్త మారుతుంది.

స్టార్ట్ చేశాక

టూల్స్, గుడ్డలు అన్నీ లెక్కపెట్టి బయటికి తీశాక బ్యాటరీ తీగ కలపండి. చక్రం విప్పి ఉంటే దాన్ని బిగించి బండిని దించండి. అప్పుడు పది సెకన్లు నడిపి ఆపి, బెల్ట్ అంచులు పుల్లీల మధ్యలో ఉన్నాయో లేదో చూడండి. బాగుంటే మళ్లీ స్టార్ట్ చేసి, ఏసీ వేసి, లైట్లు వేసి, స్టీరింగ్ ఒకసారి పూర్తిగా తిప్పండి. డ్యాష్‌బోర్డ్ మీద బ్యాటరీ గుర్తు వెలగకూడదు.

అరుపు ఇంకా ఉంటే దూరంగా నిలబడి, చేయి లోపలికి పెట్టకుండా, చాళ్ల వైపు స్ప్రే సీసాతో కొద్దిగా నీళ్లు చిమ్మండి. శబ్దం కాసేపు పోయి మళ్లీ వస్తే పుల్లీల వరస తప్పింది. నీళ్లు పడగానే శబ్దం ఇంకా పెరిగితే బిగువు చాలడం లేదు, టెన్షనర్ బలహీనపడింది లేదా సర్దుబాటు తక్కువైంది. బెల్ట్ డ్రెస్సింగ్ అని అమ్మే జిగురు స్ప్రే మాత్రం కొట్టకండి. అది దుమ్ము పట్టి చాళ్లలో పేరుకుంటుంది, పైగా అసలు లోపాన్ని దాచేస్తుంది.

చేత్తో బిగించిన కొత్త బెల్ట్ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కొంచెం సాగుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఒక ఉదయం బానెట్ ఎత్తి, బొటనవేలితో మళ్లీ నొక్కి చూసి అవసరమైతే సర్దండి. తీసిన పాత బెల్ట్ ఇంకా తెగే స్థితిలో లేకపోతే పారేయకండి. మీరు గీసిన బొమ్మ, టెన్షనర్‌కి పట్టిన పానా, ఆ బెల్ట్ కలిపి సంచిలో కట్టి స్టెప్నీ పక్కన పడేయండి. శ్రీశైలం ఘాట్‌లో రాత్రిపూట బెల్ట్ తెగితే అక్కడికి షాపు రాదు, ఆ పాత బెల్టే మిమ్మల్ని తర్వాతి ఊరు చేరుస్తుంది.